చిత్తు కాగితంతో కానుకలకు అలంకరణ: మళ్లీ కాగితం కాగలిగితేనే సార్థకం

కానుకపై చుట్టిన కాగితానికి ఆయుష్షు తక్కువ. ఇచ్చినవారి చేతి నుంచి పుచ్చుకున్నవారి చేతికి చేరి, విప్పగానే దాని పని ముగుస్తుంది. ఆ తరువాత అది ఎక్కడికి పోతుందన్న ప్రశ్న దేశ రాజధాని ప్రాంతంలో చిన్నదేమీ కాదు. ఒక్క ఢిల్లీ నగరంలోనే రోజుకు సుమారు 11,000 టన్నుల చెత్త పోగవుతోంది. 1984లో చెత్త వేయడం మొదలైన గాజీపూర్ మైదానం క్రమంగా కొండలా పెరిగింది. 2017 సెప్టెంబరు 1న అందులో కొంత భాగం విరిగిపడి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

ఇంట్లో మిగిలిన కాగితంతో కానుకలకు పువ్వులు, తాళ్లు, చీటీలు తయారు చేసుకోవడం ఈ సమస్యకు పూర్తి పరిష్కారం కాదు. అయినా పండుగ వేళ ప్రతి కుటుంబం చేయగల పని అది. దీనికి నియమం ఒక్కటే: కానుక విప్పిన తరువాత ఆ అలంకరణ మళ్లీ కాగితపు గుజ్జుగా మారగలగాలి. జిగేలుమనే పొడి చల్లి, ప్లాస్టిక్ టేపు అంటించి చేసిన పువ్వు పాత కాగితంతో చేసినదే అయినా చివరికి చెత్తకుప్పకే చేరుతుంది.

మెరిసేదంతా కాగితం కాదు

పాత ఢిల్లీలోని చావ్‌డీ బజార్ కాగితానికీ, శుభలేఖలకూ పేరొందిన టోకు అంగడి. పండుగ అలంకరణ సామగ్రికి సదర్ బజార్ ప్రసిద్ధి. అంగళ్లలో దొరికే చుట్టుకాగితాల్లో కొన్ని అచ్చమైన కాగితాలు. మరికొన్ని లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొరలు. తేడా తెలుసుకోవడం తేలికే. చేతిలో గట్టిగా నలిపి వదిలితే కాగితం ఉండలాగే ఉండిపోతుంది, ప్లాస్టిక్ పొర మళ్లీ విచ్చుకుంటుంది. చింపి చూసినప్పుడు అంచున నూగులాంటి నారలు కనిపిస్తే అది కాగితం. సాగుతూ చిరిగితే అందులో ప్లాస్టిక్ ఉన్నట్టే.

2022 జులై 1 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చిన నిషేధం కూడా ఈ విషయాన్ని స్పృశించింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల ఆ జాబితాలో మిఠాయి పెట్టెలపై, ఆహ్వాన పత్రికలపై చుట్టే ప్లాస్టిక్ పొరలు, అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉన్నాయి.

చెత్త ఏరిన చేతులే

గాజీపూర్ చెత్తకొండ నీడలో చెత్త ఏరుకుని బతికిన మహిళలు కొందరు 'గుల్‌మెహర్' అనే ఉత్పత్తిదారుల సంస్థలో చేరి కొత్త ఉపాధి పొందారు. దగ్గరలోని పూల మండీలో మిగిలిపోయిన పూలను ఎండబెట్టి, ఆ రేకులతో కానుక పెట్టెలను, అభినందన పత్రాలను అలంకరించడం వారి పని. తిహార్ జైలు కర్మాగారంలోనూ చేతి కాగితం తయారీ విభాగం ఉంది. అక్కడి ఖైదీలు చేసిన వస్తువులు 'టీజేస్' పేరుతో అమ్మకానికి వస్తాయి. మనం శుభ్రంగా వేరుచేసి ఇచ్చే కాగితానికి విలువ ఉంది, దాని మీద ఆధారపడిన జీవితాలూ ఉన్నాయి.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. చిత్తు కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ ముద్దను బిందె మీద మెత్తి ఎండబెట్టి బుట్టలు చేసుకోవడం పాతతరం ఇళ్లలో ఉన్నదే. తెలంగాణలోని చేర్యాల కళాకారులు మాస్కుల తయారీకి రంపపు పొట్టు, చింతగింజల జిగురు వాడుతారు. ఇంటి సరుకులతోనే గట్టి వస్తువు తయారవుతుందనడానికి ఇవి నిదర్శనాలు.

మూడు తేలిక పద్ధతులు

కాగితాన్ని గుజ్జు చేసిన ప్రతిసారీ అందులోని నారలు పొట్టివవుతాయి. సాధారణంగా ఐదు నుంచి ఏడుసార్లు తిరిగి తయారయ్యాక ఆ నారల్లో పట్టు ఉండదు. అందుచేత పెద్ద కాగితాన్ని ముందుగా ఉన్నదున్నట్టుగా వాడుకోవాలి. మిగిలిన ముక్కలతో అలంకరణ చేయాలి. అందుకూ పనికిరాని తునకలనే గుజ్జు చేయాలి.

మొదటిది తాడు. దినపత్రికను రెండంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, వేళ్లను కాస్త తడి చేసుకుని పురి పెట్టాలి. ఒక పట్టీ చివర మరో పట్టీని కలుపుతూ పోతే పొడవైన తాడు వస్తుంది. రెండు పురులు పెనవేస్తే గట్టిపడుతుంది. ప్లాస్టిక్ రిబ్బను బదులు దీనితో పెట్టెను కట్టవచ్చు.

రెండవది పువ్వు. మూడు వేళ్ల వెడల్పు, మూర పొడవు ఉన్న పట్టీని నిలువుగా సగానికి మడవాలి. మడత ఉన్న వైపు దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి. గాట్లు రెండో అంచును తాకకూడదు. ఆ అంచును పట్టుకుని గట్టిగా చుట్టి, మైదా జిగురుతో అంటించి రేకులు విప్పితే బంతిపువ్వు సిద్ధమవుతుంది. చతురస్రపు కాగితాన్ని నాలుగైదు మడతలు పెట్టి అంచులు కత్తిరిస్తే ముగ్గులాంటి అల్లిక వస్తుంది. దాన్ని పెట్టె మీద పరచవచ్చు.

మూడవది చేతి కాగితపు చీటీ. తునకలను రాత్రంతా నానబెట్టి, ఎక్కువ నీటితో మెత్తగా రుబ్బాలి. ఆ గుజ్జును వెడల్పాటి తొట్టిలోని నీటిలో కలపాలి. చెక్క చట్రానికి దోమతెర బిగించి తొట్టిలో ముంచి, అడ్డంగా పైకెత్తితే నీరు కారిపోయి పలుచని పొర నిలుస్తుంది. దాన్ని నూలు గుడ్డ మీద బోర్లించి, పైన మరో గుడ్డ వేసి బరువు పెట్టాలి. నీరు పిండుకున్నాక నీడలో ఆరబెట్టాలి. గుజ్జులో ఎండు బంతిరేకులు చల్లవచ్చు. పసుపు కలిపితే రంగు వస్తుంది కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది, తడిస్తే అంటుకుంటుంది. ఆ పని చేసిన నీటిని సింకులో పోయకూడదు. గుజ్జు పేరుకుని గొట్టం మూసుకుపోతుంది. గుడ్డలో వడకట్టి పోయాలి.

జాగ్రత్తలు

దుకాణాలు, ఏటీఎంలు ఇచ్చే నున్నని రసీదులను గుజ్జులో కలపవద్దు. వేడికి అచ్చు తేలే ఆ కాగితాల మీద రసాయనపు పూత ఉంటుంది. నూనె అంటిన అట్టపెట్టెలు కూడా పనికిరావు. మిఠాయిలు ఇచ్చేటప్పుడు అచ్చు కాగితం పదార్థానికి తగలకూడదు. దినపత్రికల్లో ఆహారం చుట్టవద్దని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. కాబట్టి అలంకరణ పెట్టె వెలుపలే ఉండాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది వేరుచేయడం. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే తడిచెత్తను, పొడిచెత్తను ఇంట్లోనే వేరుచేయాలని నిర్దేశించాయి. కూరగాయల తొక్కలతో కలిసి తడిసిన కాగితాన్ని కబాడీవాలా కొనడు, ఏ మిల్లూ కోరదు. పొడిగా ఉన్న కాగితమైతే పాత సామాను దుకాణం మీదుగా ముజఫర్‌నగర్ వంటి చోట్ల ఉన్న మిల్లులకు చేరి మళ్లీ కాగితమవుతుంది.

ఈసారి పేరంటానికో పుట్టినరోజుకో కానుక సిద్ధం చేసేటప్పుడు ముందుగా వంటింటి చెత్తబుట్ట పక్కన కాగితాలకు వేరే సంచి ఒకటి తగిలించండి. కానుక విప్పినవారికి కూడా ఆ కాగితాన్ని, పువ్వును పొడిగా దాచి మళ్లీ వాడమని ఒక చీటీ ముక్క రాసి పెట్టండి.