ఏడు టెస్టులే ఆడినా చెరగని ముద్ర: తొలి సారథి సి.కె. నాయుడు

ఛత్తీస్‌గఢ్ యువ క్రికెటర్లు ఇతర రాష్ట్రాల జట్లతో తలపడే పోటీల్లో సి.కె. నాయుడు ట్రోఫీ ఒకటి. ఆ పేరు భారత టెస్టు జట్టు తొలి సారథిది. ఆయన తెలుగు కుటుంబంలో పుట్టినవారన్న సంగతి భిలాయి ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగువారిలో నేటి తరానికి అంతగా తెలియకపోవచ్చు.

నాయుడు ఆడినవి 7 టెస్టులు, చేసినవి 350 పరుగులు. మరి క్రికెట్ బోర్డు తన జీవిత సాఫల్య పురస్కారానికి ఆయన పేరే ఎందుకు పెట్టింది?

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించారు. అప్పట్లో నాగపూర్ సెంట్రల్ ప్రావిన్సెస్‌కు రాజధాని. నేటి భిలాయి ఉన్న దుర్గ్ ప్రాంతమూ ఆ రాష్ట్రంలోనిదే. 1916లో హిందూ జట్టు తరఫున ఆయన ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు.

దేశమంతటా ఆయన పేరు మారుమోగింది మాత్రం 1926 డిసెంబరు 1న. బొంబాయి జింఖానా మైదానంలో పర్యాటక ఎం.సి.సి. జట్టుపై రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు ఉన్నాయి. భారతీయులు ఆంగ్లేయులకు దీటుగా ఆడగలరని ఆ ఇన్నింగ్స్ చాటింది. పర్యాటక జట్టు సారథి ఆర్థర్ గిలిగన్ భారత్‌కు టెస్టు హోదా కల్పించడాన్ని సమర్థించారు. 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది.

1932 ఇంగ్లండ్ పర్యటనకు నాయకుడు పోరుబందరు మహారాజు. అయితే జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టుకు ఆయన పక్కకు తప్పుకున్నారు. ఉపసారథి లింబ్డీ రాకుమారుడు గాయపడ్డారు. సారథ్యం సంస్థానాధీశులకే దక్కే ఆ రోజుల్లో, న్యాయవాదుల కుటుంబానికి చెందిన నాయుడు జట్టును నడిపించారు. చేతికి గాయమైనా తొలి ఇన్నింగ్స్‌లో జట్టులోకెల్లా అత్యధికంగా 40 పరుగులు చేశారు. భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. ఆ పర్యటనలో ఆయన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు సాధించి, 1933లో విజ్డెన్ మేటి క్రికెటర్లలో ఒకరిగా నిలిచారు. 1936 పర్యటనలో సారథ్యం మళ్లీ రాజవంశానికే వెళ్లింది. విజయనగరం మహారాజకుమార్ నాయకత్వంలో నాయుడు ఆటగాడిగా బరిలోకి దిగారు.

ఏడు టెస్టుల లెక్కకు జవాబు ఇక్కడే ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు భారత్ ఆడినవే ఏడు టెస్టులు. నాయుడు వాటన్నింటిలోనూ ఆడారు. తొలి టెస్టు నాటికే ఆయన వయసు 36.

టెస్టులు ముగిసినా ఆట ఆగలేదు. ఇందోర్ కేంద్రంగా ఆయన తీర్చిదిద్దిన హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలుచుకుంది. 1953-54లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు సారథ్యం వహించిందీ ఆయనే. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ జట్టుకు రంజీలో నాయకత్వం వహించారు. 1967 నవంబరు 14న ఇందోర్‌లో కన్నుమూశారు. ఆయన కుమార్తె చంద్రా నాయుడు దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా గుర్తింపు పొందారు.

1994లో నెలకొల్పిన కర్నల్ సి.కె. నాయుడు జీవిత సాఫల్య పురస్కారాన్ని తొలుత అందుకున్నది లాలా అమర్‌నాథ్. 1933లో బొంబాయిలో భారత్ తరఫున మొదటి టెస్టు సెంచరీ చేసిన ఆటగాడు ఆయనే. ఆ రోజు ఆయన సారథి సి.కె. నాయుడే.