పదివేలలో ముగ్గురు: వేవిళ్ళ మందుల అసలు లెక్క

కడుపుతో ఉన్నవాళ్ళలో నూటికి 70, 80 మందికి ఎంతోకొంత వికారం తప్పదు. నాలుగో వారం, ఏడో వారం మధ్య మొదలవుతుంది, తొమ్మిదో వారం ప్రాంతంలో ముదురుతుంది, ఇరవయ్యో వారం వచ్చేసరికి పదిమందిలో తొమ్మిదిమందికి సద్దుమణుగుతుంది. ‘అందరికీ ఉండేదేలేమ్మా, ఓర్చుకో’ అని ఇంట్లో పెద్దవాళ్ళు అనేది వీళ్ళను చూసే. వీళ్ళ వరకు ఆ మాటలో తప్పు లేదు. చిక్కంతా నూటికి ముగ్గురికి మించని ఇంకో చిన్న గుంపుతో. వాళ్ళకు మంచినీళ్ళు కూడా లోపల నిలవవు. డాక్టర్లు దీన్ని హైపరెమెసిస్ గ్రావిడేరమ్ అంటారు.

ఎవరివి మామూలు వేవిళ్ళు, ఎవరిది జబ్బు అన్నది కొలిచి చెప్పవచ్చు. గర్భానికి ముందున్న బరువులో 5 శాతం తగ్గితే అది ఓర్చుకోవలసిన దశ దాటినట్టే. 50 కిలోల మనిషికి అది రెండున్నర కిలోలు. పీయూక్యూఈ అనే స్కోరు ఇంకొకటి ఉంది. గడిచిన 24 గంటల గురించి మూడే ప్రశ్నలు: వికారం ఎన్ని గంటలుంది, వాంతి ఎన్నిసార్లయింది, ఏమీ పడకుండా వట్టి డోకులు ఎన్నిసార్లొచ్చాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఆరు గంటలకు మించి వికారం (5), అయిదు వాంతులు (4), మూడు డోకులు (3) అయితే మొత్తం 12. ఆరు వరకు తేలిక, 7 నుంచి 12 మధ్యస్థం, 13, ఆపైన అయితే తీవ్రం. ‘చాలా వాంతులవుతున్నాయి డాక్టరుగారూ’ అనడం కంటే ఈ మూడు అంకెలు చెప్పడం మేలు. ఆకలితో కొవ్వు కరిగినప్పుడు మూత్రంలోకి వచ్చే కీటోన్లు లేవు కాబట్టి ఫర్వాలేదన్న పాత కొలమానాన్ని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2024 మార్గదర్శకాల్లో పక్కన పెట్టేసింది.

మందు మాట ఎత్తగానే మాత్రం ‘బిడ్డకేమైనా అయితే?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో థాలిడమైడ్ అమ్మకానికొచ్చింది. నిద్రకీ వేవిళ్ళకీ వాడారు. 1961 నవంబరులో వెనక్కి తీసుకునేసరికి ప్రపంచంలో పదివేలకు పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఆ తర్వాత గర్భిణి చేతిలో ఏ మాత్ర కనిపించినా జనం అనుమానించారంటే వాళ్ళను తప్పుపట్టలేం.

ఆ అనుమానానికి ఒక మంచి మందు కూడా బలైపోయిందన్న సంగతి తక్కువమందికి తెలుసు. బెండెక్టిన్ అనే మాత్ర 1956 నుంచి అమెరికాలో ఉండేది. డాక్సిలమిన్ అనే అలర్జీ మందు, పిరిడాక్సిన్ అనే బి6 విటమిన్ కలిపిన మాత్ర అది. దానివల్ల పిల్లలు లోపాలతో పుడుతున్నారని వందలకొద్దీ కేసులు పడ్డాయి. కోర్టు ఖర్చులు భరించలేక కంపెనీ 1983లో తయారీ ఆపేసింది. ఆ తర్వాత పుట్టుకలోపాలు తగ్గాయా అంటే, లేదు. వాంతులతో ఆసుపత్రుల్లో చేరే గర్భిణులు మాత్రం పెరిగారు. భద్రతా కారణాలతో ఆ మందు పోలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లో తేల్చింది. 2013 ఏప్రిల్‌లో అదే మిశ్రమం కొత్త పేరుతో తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆడవాళ్ళు అనవసరంగా బాధపడ్డారని నేనంటాను. మన దగ్గర ప్రసూతి డాక్టర్లు ముందుగా రాసేదీ ఈ జోడీనే. రాత్రి వేసుకునే మాత్ర తెల్లవారి వికారం కోసం. కాస్త మగతగా ఉంటుంది.

మందుల లెక్క చూసేముందు ఒక అంకె గుర్తుంచుకోవాలి. ఏ మందూ వాడని తల్లులకు పుట్టే పిల్లల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద పుట్టుకలోపం ఉంటుంది. మందు తప్పు తేలాలంటే ఆ అంకె పెరగాలి. మెటోక్లోప్రమైడ్ అనే వాంతుల మందును డెన్మార్క్‌లో ఇలాగే చూశారు. మొదటి మూడు నెలల్లో అది వాడిన తల్లుల పిల్లలు 28,486 మంది. వాళ్ళలో వెయ్యికి 25.3 మందికి లోపాలున్నాయి. వాడనివాళ్ళలో వెయ్యికి 26.6. అంటే తేడా లేదు. ఈ మందుకు మెడ, దవడ బిగుసుకుపోయే దుష్ఫలితం ఉంది కాబట్టి సాధారణంగా అయిదు రోజులు మించి ఇవ్వరు.

ఒండాన్‌సెట్రాన్ దగ్గరే అసలు వాదన. వాంతులనగానే మన మెడికల్ షాపుల్లో చేతికొచ్చే మాత్ర ఇది. అమెరికాలో 18 లక్షల గర్భాల రికార్డులు తిరగేసిన అధ్యయనం 2018లో వచ్చింది. గుండె లోపాల్లో తేడా కనిపించలేదు. గ్రహణం మొర్రి మాత్రం వాడనివాళ్ళ పిల్లల్లో పదివేలకు 11 మందికి ఉంటే, వాడినవాళ్ళ పిల్లల్లో 14 మందికి ఉంది. పదివేలలో ముగ్గురు ఎక్కువ. ఈ లెక్క చూసి యూరప్ ఔషధ సంస్థ 2019లో మొదటి మూడు నెలల్లో వాడొద్దంది. మొదటి వరుస మందులు పనిచేయకపోతే, ఈ చిన్న ముప్పు తల్లికి చెప్పి వాడవచ్చని బ్రిటన్ రాయల్ కాలేజీ అంది. రెండో మాటే నాకు సబబుగా తోస్తుంది. పెదవీ అంగిలీ మొదటి మూడు నెలల్లోనే కలిసిపోతాయి కాబట్టి ఆ తర్వాత ఈ ప్రశ్న దాదాపు ఉండదు. అయితే వాంతుల వల్ల రక్తంలో పొటాషియం పడిపోయి ఉంటే ఈ మందు గుండె లయను చెడగొట్టగలదు. షాపులో కొనుక్కుని వేసుకోకూడదనేది అందుకే.

మందు వాడకపోతే ఏమవుతుందన్న లెక్క ఇళ్ళలో ఎవరూ వేయరు. 1940కి ముందు బ్రిటన్‌లో పది లక్షల కాన్పులకు 159 మంది తల్లులు ఈ వాంతులతోనే చనిపోయేవారు. నరాల్లోకి ద్రవాలు ఎక్కించడం అలవాటయ్యాక, 1950ల నాటికి అది మూడుకు దిగింది. ఇప్పటి బాధ వేరే రకం. ఈ జబ్బు అనుభవించిన అయిదు వేలమందికి పైగా పాల్గొనగా 2021లో వెలువడిన బ్రిటన్ సర్వేలో సగం మందికి పైగా కావాలనుకున్న గర్భాన్నే తీయించుకోవాలని ఆలోచించారు. దాదాపు 5 శాతం తీయించుకున్నారు. అది కూడా బిడ్డను కోల్పోవడమే కదా. ఆ అంకెను ఒండాన్‌సెట్రాన్ అంకె పక్కన పెట్టి చూడండి.

మన ఊళ్ళలో జరిగే పొరపాటు ఇంకొకటుంది. నీరసపడిన గర్భిణికి ‘ఒక గ్లూకోజ్ సీసా పెట్టిద్దాం’ అంటారు. అరలీటరు 5 శాతం గ్లూకోజులో ఉండే చక్కెర 25 గ్రాములు. వంద కేలరీలలోపే, రెండు ఇడ్లీలపాటి బలం. దానికంటే పెద్ద సంగతి, ఆ చక్కెర ఖర్చు కావడానికి బి1 విటమిన్ కావాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. నెల రోజులుగా ఏమీ తినని మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా అయిపోతుంది. చూపు అదరడం, నడక తూలడం, మాట తికమకపడడం మొదలవుతాయి. ఇది వెర్నికీ ఎన్సెఫలోపతి. ఆలస్యమైతే మెదడుకు తగిలిన దెబ్బ పూర్తిగా మానదు. కావలసింది ఉప్పునీటి సెలైన్, అవసరమైతే అందులో పొటాషియం, ముందుగా బి1. ఆ ఇంజెక్షన్ ఖరీదైనదేమీ కాదు.

ఇంతకీ ఈ వాంతులు ఎందుకన్నదానికి 2023 డిసెంబరులో కొంత జవాబు దొరికింది. బిడ్డ, మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను ప్రధాన కారణం. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళు ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేకపోతున్నారు. మనసు గట్టిగా లేక వాంతులు చేసుకుంటోందన్న మాట ఇక ఎవరూ అనకూడదు.

ఇరవై నాలుగు గంటలుగా నీళ్ళు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇన్ని వాంతులకు కారణం కవలలా, ముత్యాల గర్భమా (మోలార్ ప్రెగ్నెన్సీ) అన్నది స్కానింగులో చూస్తారు. సోడియం, పొటాషియం పరీక్ష అడగండి. గ్లూకోజ్ సీసా తగిలించబోతే, ‘బి1 ఇచ్చారా అండీ?’ అని ముందు అడగండి.