ఇల్లు కొనేదాకా డబ్బెక్కడ?

శ్రావణమాసం వచ్చిందంటే మా ఉరుకుందలో కాలు పెట్టే చోటుండదు. ఈరన్నస్వామి దర్శనానికి మన జిల్లాలవాళ్లే కాదు, కర్ణాటక నుంచీ జనం తరలివస్తారు. మా చుట్టాలు సరాసరి మా అద్దె ఇంట్లోనే దిగుతారు. "ఇంకా సొంత ఇల్లు కొనలేదా?" అని అడిగిన తర్వాతే మంచినీళ్లు పుచ్చుకుంటారు.

కొనాలనే ఉన్నది. నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. మూడేళ్లలో ఎమ్మిగనూరులో చిన్న ఇల్లు కొందామని నేనూ మా ఆవిడా కూడబెట్టింది 3,80,000 రూపాయలు. చిక్కల్లా, అంతవరకూ దాన్నెక్కడ దాచడమన్నదే!

"బ్యాంకు వడ్డీ ఏ మూలకు బావా? ఇళ్ల ధరలు ఆగుతాయా? నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పు" అన్నాడు మా బావమరిది.

మా ఆవిడ ముఖం మాడింది. ఆరేళ్ల క్రితం, రిజిస్ట్రేషన్ లేని చీటీలో మా 40,000 పోయింది. "అక్కా" అని నోరారా పిలిచినాయన రాత్రికి రాత్రే తాళం వేసి వెళ్లాడు. మా సంగతి అలా ఉంచండి. అగ్రిగోల్డులో లక్షలమంది సొమ్ము చిక్కుకుపోవడం అందరూ ఎరిగిందే గదా!

పోనీ, బంగారం? నగ కొన్నప్పుడిచ్చిన తరుగు, మజూరీ అమ్మేనాడు తిరిగిరావు. షేర్లా? 2020 జనవరిలో 42,000 దాటిన సెన్సెక్సు మార్చి 23న 26,000కు దిగువన ముగిసింది. తర్వాత కోలుకున్నది, నిజమే. కాని ఇల్లమ్మేవాడు అందాకా ఆగుతాడా?

అంచేత బ్యాంకుకు వెళ్లి విచారించాను. డిపాజిట్లకు భీమా 1962లో 1,500 రూపాయలతో మొదలైంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా ఉన్నది. సహకార బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది; బ్యాంకు కాని సొసైటీలకు వర్తించదు. బోర్డు చూసి మోసపోకూడదు. పోస్టాఫీసు డబ్బుకు కేంద్ర ప్రభుత్వమే పూచీ.

మూడు లక్షలు మూడేళ్ల ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేశాం. మంచి ఇల్లు ముందే దొరికితే బయానాకు ఉంటుందని, 80,000 పోస్టాఫీసులో ఏడాది గడువుకు పెట్టాం. నెలనెలా మిగిలేది బ్యాంకు రికరింగ్‌లోకి.

బావమరిది నవ్వాడు. "ఏం వస్తుందక్కా ఆ వడ్డీతో?"

"వడ్డీ తగ్గితే ఒక గది తగ్గుతుందిలేరా! అసలే పోతే గుమ్మం కూడా ఉండదు" అన్నది మా ఆవిడ.