బొమ్మలతో కథ చెప్పువాడు



మన చిత్తూరు సీమలో నొక పల్లెబడిలో నేను పాఠము చెప్పుచున్న కాలమున, గజేంద్రమోక్షములోని పద్యము వ్రాయుమనగా పలకపై ఏనుగును, మొసలిని గీసిన బాలు నొకని దండించితిని. వాడు పద్యార్థమునే బొమ్మగా వ్రాసెనని నాకు చాలకాలమునకు గాని తోచలేదు. ఆ తప్పు దిద్దుకొనుటకే ఈ నాలుగు మాటలు.

బొమ్మలతో కథ చెప్పుట మనకు క్రొత్త విద్య కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు కరక్కాయ రసమును, ఎనుము పాలను గుడ్డకు పట్టించి, వెదురు కలముతో రామాయణ ఘట్టములను వరుసగా గీసి, తెలుగు వ్రాతయు చేర్తురు. తోలుబొమ్మలవారు బొమ్మలకు తెరపై నడకయు నేర్పిరి. పిల్లల పుస్తకములకు బొమ్మలు వేయువాడును, కదలు బొమ్మల చిత్రములకు కథ వ్రాయువాడును ఆ కోవలోని వారే. పనిలో మాత్రము భేదము కలదు.

పుస్తకమునకు బొమ్మ వేయువాడు ఒక్క క్షణము నెన్నుకొనవలెను. మొసలి పట్టిన క్షణమా? ఏనుగు తొండ మెత్తిన క్షణమా? ఆ యెన్నికలోనే వాని బుద్ధి తెలియును. కదలు బొమ్మల చిత్రమున సెకనుకు 24 పటములు, అనగా నిమిషమునకు 1,440, తెరపై సాగును. అచ్చట "ఏనుగు దుఃఖించెను" అని వ్రాసిన చాలదు. చెవులు వాలుట, కాలు జారుట, తొండము నీటిని కొట్టుట వ్రాయవలెను. పిమ్మట కథనంతయు చిన్న గడులలో గీసి, వరుసగా పేర్చి, నడక సరిచూచుకొందురు.

మన తెలుగువారిలో ఇట్లు గీతతోనే కథ నాలోచించినవాడు బాపు. అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నరసాపురమున పుట్టి, 1955లో మదరాసున న్యాయశాస్త్ర పట్టము పొందియు, కుంచెనే నమ్ముకొనెను. ముళ్లపూడి వెంకటరమణ వ్రాసిన బుడుగునకు రూపమిచ్చినది ఆయన గీతయే. 1967లో 'సాక్షి' మొదలుగా ఆయన తీసినవి మనుష్యులు నటించిన చిత్రములే యైనను, దృశ్యములను ముందుగా బొమ్మలుగా గీసికొనెడివాడు. 2013లో పద్మశ్రీ పొంది, 2014లో గతించెను.

ఈ వృత్తిలో రాబడి అన్నినాళ్లు నొక్కరీతి నుండదు. చేతి నేర్పుతోపాటు పురాణజ్ఞానము, ఓర్పు కావలెను. ఆ పురాణము చెప్పగలవారు మీరే గదా! మీ మనుమడు బొగ్గుతో గోడపై గీసినచో కోపింపక, "ఇదేమి కథరా, నాయనా?" యని యడుగుడు. నే నానాడు అడుగనైతిని.

సెలవు.