కానుకపై మెరిసే పొర

శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం నుంచి కక్ష్యకు చేరే చాలా ఉపగ్రహాలకు బంగారు లేదా వెండి రంగులో మెరిసే తొడుగు ఒకటి ఉంటుంది. పలుచని ప్లాస్టిక్ పొరలకు అల్యూమినియం పూత పట్టించి, అలాంటివి అనేకం ఒకదానిపై ఒకటి పేర్చి తయారుచేసే ఈ తొడుగును బహుళపొర ఉష్ణనిరోధకం అంటారు. ఎండ పడినప్పుడు విపరీతంగా కాగి, భూమి నీడలోకి రాగానే అంతే విపరీతంగా చల్లబడే ఉపగ్రహంలోని పరికరాలను అది ఏళ్ల తరబడి కాపాడుతుంది. సూళ్లూరుపేట, తిరుపతి, చిత్తూరు ఫ్యాన్సీ దుకాణాల్లో దొరికే మెరుపు గిఫ్ట్ పేపర్లు చాలావరకు దీనికి దగ్గరి చుట్టాలే. పాలిఎస్టర్ లేదా పాలీప్రొపిలీన్ పొరపై అల్యూమినియం ఆవిరిని అతి పలుచగా పట్టించి వాటిని చేస్తారు. అంతటి మన్నికగల పదార్థానికి పెళ్లి చదివింపుల దగ్గర దక్కే ఆయుష్షు ఒక పూట.

ప్లాస్టిక్‌నూ లోహాన్నీ విడదీయడం లాభసాటి కాదు గనుక పాత సామాను కొనేవారు దీన్ని ముట్టరు. గుప్పిట్లో నలిపి వదిలినప్పుడు మళ్లీ విచ్చుకుంటే అది ప్లాస్టిక్ పొర అనీ, నలిగినట్టే ఉండిపోతే చాలావరకు కాగితమేననీ ఎవరైనా పోల్చుకోవచ్చు. మిఠాయి పెట్టెలకు, ఆహ్వాన పత్రికలకు చుట్టే ప్లాస్టిక్ పొరను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించినా, ఆ జాబితాలో కానుకల చుట్టుకాగితం పేరు లేదు. సూళ్లూరుపేట మీదుగా పారే కాళంగి నది పులికాట్ సరస్సులో కలుస్తుంది కాబట్టి, వీధిలో పారేసిన తేలికపాటి చెత్తకు వానాకాలంలో దారి ఎవరూ చూపనక్కరలేదు.

ఇందుకు ప్రత్యామ్నాయం ఇళ్లలోని బీరువాల్లోనే ఉంది. చిరిగిన చీరలను బొంతలుగా కుట్టుకున్న సీమలో పాత చీరను కానుకకు చుట్టడం కొత్త విద్యేమీ కాదు. పొరుగునున్న వెంకటగిరి నేత చీరవంటి పలుచని నూలుబట్ట ఉతికేకొద్దీ మెత్తబడి, ముడి వేసినప్పుడు ఉబ్బెత్తుగా నిలవకుండా అణిగి ఉంటుంది. దాదాపు అయిదున్నర మీటర్ల చీర నుంచి 75 సెంటీమీటర్ల చదరపు ముక్కలు ఏడు వస్తాయి, మిగిలిన అంచు రిబ్బన్లకు పనికొస్తుంది. కానుక పొడవు బట్ట మూలనుంచి మూలకు ఉండే కొలతలో మూడో వంతుకు మించకపోతే ముడి చక్కగా కుదురుతుంది. అంటే ఈ ముక్కలో 35 సెంటీమీటర్ల పెట్టె వరకు ఇముడుతుంది, పైగా సెల్లోటేపు అవసరమే ఉండదు. జపానులో ఫురోషికి అనే చదరపు గుడ్డతో వస్తువులను మూటగట్టే పాత అలవాటును 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యురికో కొయికె, వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన నూలుతో నేయించిన గుడ్డల ద్వారా మళ్లీ ప్రచారంలోకి తెచ్చారు. తెలుగువారికి అంత ఏర్పాటు కూడా అక్కరలేదు, ఎందుకంటే పేరంటాల్లో అందుకుని, కుట్టించుకోకుండానే ఇల్లిల్లూ తిరిగే రవికె గుడ్డలు ఆ పని ఎన్నడో మొదలుపెట్టాయి.

పాత దినపత్రికలు, కాలం చెల్లిన పెద్ద క్యాలెండర్ల కాగితాలు పుస్తకాలకూ పెట్టెలకూ బాగా సరిపోతాయి. అయితే అచ్చు సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయి గనుక అరిసెలు, మురుకులు వంటి నూనె వంటకాలను వార్తాపత్రికల్లో నేరుగా చుట్టరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. సంక్రాంతి పిండివంటలు పంపేటప్పుడు వాటిని స్టీలు డబ్బాలో పెట్టి, చీర ముక్కను డబ్బాపైనే కట్టడం మేలు. డబ్బా తిరిగి వచ్చేటప్పుడు ఆ గుడ్డా దానితోపాటే ఇల్లు చేరుతుంది.