ఉల్లి లాటును గీసి చూపించగలరా?

బిజినెస్ అనలిస్ట్ ఇంటర్వ్యూలో 'ఏదైనా ఒక పని ఎలా నడుస్తుందో బోర్డు మీద గీయండి' అంటే చాలామంది ఆన్‌లైన్ షాపింగ్ ఆర్డరే గీస్తారు. కర్నూలు, కడప వాళ్లకు ఆ అవసరం లేదు. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి ఎలా అమ్ముడవుతుందో సరిగ్గా గీస్తే చాలు.

ఇలా గీయడానికి ఒక గుర్తుల భాష ఉంది. పేరు బీపీఎంఎన్. 2011లో దీని 2.0 వెర్షన్ వచ్చింది, 2013లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. కాముండా మోడలర్, బిజాగి మోడలర్ లాంటి ఎడిటర్లు ఉచితంగా దొరుకుతాయి. గుర్తుల్ని మౌస్‌తో లాగి పెట్టడమే, కోడింగ్ రానక్కర్లేదు. సన్నగీత వృత్తం మొదలు, మందగీత వృత్తం ముగింపు. మూలలు గుండ్రంగా ఉన్న పెట్టె ఒక పని. డైమండ్ దగ్గర దారి చీలుతుంది.

ఇక యార్డుకు రండి. 2016లో మొదలైన ఈ-నామ్ పద్ధతిలో గేటు ఎంట్రీ, లాటు నంబరు, నాణ్యత పరిశీలన, ఆన్‌లైన్ వేలం, తూకం, బిల్లు, చెల్లింపు వరుసగా జరగాలి. రైతు, యార్డు, వ్యాపారి ఎవరికి వారే కాబట్టి మూడు వేర్వేరు 'పూల్'లు. పూల్ లోపల నిండు బాణం, ఒక పూల్ నుంచి మరోదానికి తెగిన గీతల బాణం. ఈ తేడా పొరపాటున కలిపేయకండి, తెలిసినవాళ్లు ముందు అదే చూస్తారు.

ఇంతవరకు ఎవరైనా గీసేస్తారు. అసలు పరీక్ష డైమండ్ల దగ్గరే. పలికిన ధర గిట్టకపోతే రైతుకు 'వద్దు' అనే హక్కుంది. అప్పుడు బాణం ఎటు పోవాలి? రేపటి వేలానికా, ఇంటికా? అసలు ఎవరూ పాడకపోతే? తూకంలో తేడా వస్తే ఎవరి దగ్గరకు వెనక్కి వెళ్లాలి? వానకు తడిసిన ఉల్లి రెండు రోజులు ఆగదు కదా. అందుకే గడియారం గుర్తు, అంటే టైమర్, పెట్టాలి. ఇంతసేపట్లో కొనేవాళ్లు దొరక్కపోతే ఏం చేయాలో అది చెబుతుంది. టైమర్ లేని బొమ్మలో రైతు బస్తాల పక్కన అలా కూర్చునే ఉంటాడు!

గీసేముందు ఒక రోజు యార్డులో తిరగండి. హమాలీని, గుమాస్తాను 'ఇక్కడ పని ఆగిపోతే ఏం చేస్తారన్నా?' అని అడగండి. గీశాక మళ్లీ వాళ్లకే చూపించండి. తప్పులు వాళ్లే పట్టిస్తారు. కడప వాళ్లు పసుపు తీసుకోవచ్చు. అది ఎండు సరుకు, టైమర్ కంటే నాణ్యత దగ్గరి డైమండ్ మీదే ఎక్కువ కూర్చోవాలి. బొమ్మ ఒక్క పేజీ దాటకుండా పీడీఎఫ్ చేసి రెజ్యూమెకు జతచేయండి.