ఫొటో వెనక రాత... ఎవరు చదవాలి?

పాత ఆల్బమ్‌లో ఓ పెళ్లి ఫొటో. వెనక 'పెద్దత్తయ్య, రాజమండ్రి' అని రాసుంటుంది. ఇంటికొచ్చినవాళ్లంతా తిప్పి చదువుతారు. 'ఆ మెడలో గొలుసు అప్పుల్లో పోయింది' అన్న మాట మాత్రం డైరీలోనే ఉంటుంది. మరి ఆల్బమే కంప్యూటర్‌లోకి వెళ్లిపోతే? రెండు రాతలూ ఒకేచోట ఉండాలి. ఒకటి అందరికీ, రెండోది రాసినవారికే కనిపించాలి!

వెబ్‌లో ఇలాంటి రాతలకు 'ట్యాగు'లని పేరు. 2003లో జాషువా షాక్టర్ మొదలుపెట్టిన డెలీషియస్‌లో వెబ్ పేజీలకూ, 2004లో వచ్చిన ఫ్లికర్‌లో ఫొటోలకూ జనం వీటిని తగిలించారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో వేల పాత ఫొటోల్ని ఫ్లికర్‌లో పెడితే, అక్టోబరుకల్లా 67,176 ట్యాగులొచ్చాయి. చూసినవాళ్లు చెప్పిన వివరాలను సరిచూసుకుని 500కు పైగా రికార్డుల్ని ఆ గ్రంథాలయం మెరుగుపరచింది. పంచుకున్న రాతకు అంత విలువ!

మూడు పట్టికలు

వీటిని దాచేందుకు మామూలుగా మూడు పట్టికలు చాలు. ఒకదాంట్లో ఫొటోలు, ఇంకోదాంట్లో పదాలు. అసలు కీలకం మూడోది. ఎవరు, ఏ ఫొటోకి, ఏ పదం తగిలించారు, అది సొంతమా అందరిదా... ఇవన్నీ ఒక్కో వరుసలో ఉంటాయి. 'సొంతం' అన్న గుర్తు పదానికి కాదు, ఈ వరుసకే ఉండాలి. ఎందుకంటే ఒకరు దాచుకున్న పదాన్నే ఇంకొకరు అందరికీ చూపించొచ్చు.

లెక్కలో లీకు

చిక్కంతా ఇక్కడే. రాతను దాచి లెక్కను చూపిస్తే గుట్టు బయటపడుతుంది. ఇంట్లో నలుగురే వాడే ఆల్బమ్‌లో 'ఆస్పత్రి-1' అని కనిపిస్తే ఆ ఒక్కరెవరో తెలియదా? రెండక్షరాలు కొట్టగానే వచ్చే సూచనలూ అంతే. అందుకే ముందు వడపోత... తర్వాతే లెక్క.

ఆ షరతును ప్రోగ్రామర్ ఒక్కచోట మర్చిపోయినా ప్రమాదమే. సొంత రాతలకు వేరే పట్టిక పెడితే భద్రం, కానీ రెంటినీ కలిపి వెతకడం కష్టం. 2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5లో డేటాబేసే ఒక్కో వరుసకు కాపలా కాసే ఏర్పాటు చేరింది.

ఎంత కాపలా ఉన్నా ఒక్క జాగ్రత్త తప్పదు. ఏమీ చెప్పకపోతే రాత సొంతమనే అనుకోవాలి. దాచినదాన్ని ఎప్పుడైనా చూపించొచ్చు. పదిమందీ చదివాక దాచడం మాత్రం ఏ డేటాబేసు వల్లా కాదు!